ఆయా కొలువులు కాదు, టీచరు కొలువులు కావాలి

(వాడ యువజనులు, తల్లిదండ్రుల సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు అట్లాగే ఉంచి, లెక్కలు మాత్రం మళ్ళీ సరిచూసి అచ్చువేస్తున్నాం.)

 

సభ మొదలుపెట్టే ముందు మేము వాడంతా ఒక చుట్టు తిరిగి వచ్చాం. బడి ఈడు పిల్లలెందరు, బడికి పోనివాళ్ళెందరు అని ఇల్లిల్లూ అడిగి రాసుకున్నాం. ఆ చివర ఇంట్లో ఒక అవ్వను అడిగితే, "నాకు ముగ్గురు మనవలు బిడ్డా, ముగ్గురూ బడికి పోతున్నరు" అన్నది. రాసుకుని వెనక్కు తిరుగుతుంటే లోపల ఏదో చప్పుడైంది. చూస్తే నులకమంచం కోడుకు పాతచీర పేలికతో కట్టేసి ఇంకొక పిల్ల ఉంది. పదకొండేళ్ళుంటాయి. "మరి ఈ పిల్ల?" అన్నాం. "ఆమెనా, ఆమె అట్లనే" అన్నది అవ్వ.

అవ్వను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తల్లి మిరపకాయ ఏరబోయింది. తండ్రి పట్నంలో మేస్త్రీ కింద పని. అవ్వకు కండ్లు సరిగా ఆనవు. కట్టెయ్యకపోతే పిల్ల బావి దిక్కు పోతది. ఆ కట్టు ప్రేమతో కట్టిన కట్టే. కానీ సొంత అవ్వ లెక్కలోకి కూడా రాకుండా పోయిందే, ఆ సంగతి మమ్మల్ని ఇప్పటిదాకా కుదురుగా కూర్చోనీయడం లేదు.

అడిగితే తెలిసింది, పిల్ల పేరు బడి రిజిస్టర్లో ఉంది. హాజరు కూడా పడుతున్నది. ఇంటికి వచ్చి చదువు చెప్పాల్సిన మనిషి ఏడాది మొత్తంలో రెండుసార్లు వచ్చిందట. ఆమెను తిట్టి ఏం లాభం? మండలమంతటికీ ఒకరో ఇద్దరో. కాంట్రాక్టు కొలువు. భవిత కేంద్రం చూడాలి, ఊర్లు తిరగాలి, లెక్కలు రాయాలి. బస్సు లేని ఊరికి ఆమె ఎన్నిసార్లు నడుస్తది?

కాబట్టి ఇవాళ మేము మాట్లాడబోయేది ఆ మనిషి గురించే. ఆ టీచరు ఎవరు కావాలి, ఎక్కడ చదవాలి, ఏ కాగితం ఉంటే ప్రభుత్వం ఆమెను టీచరని ఒప్పుకుంటది, ఏ కాగితం మోసం. అంతే.

మన కార్యకర్తల్లోనే కొందరు అన్నారు: "భూమి సమస్య ఉంది, కూలి సమస్య ఉంది, అట్రాసిటీ కేసులు కోర్టుల్లో నానుతున్నాయి. ఇప్పుడు ఈ వికలాంగుల చదువు ముచ్చట ఎందుకు? అది లయన్స్ క్లబ్బులోళ్ళు చేసే పని గదా" అని. ఆ అన్నలకు ఒక లెక్క చెప్తాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2 కోట్ల 68 లక్షలు, అంటే నూటికి 2.21. షెడ్యూల్డ్ కులాల్లో చూస్తే నూటికి 2.45. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల 66 వేల మంది. మన దగ్గర ఎక్కువ ఎందుకుంది? మన రక్తంలో ఏదో ఉన్నదా? లేదు. కడుపుతో ఉన్న తల్లి ఎనిమిదో నెలదాకా నాట్లేస్తే, తిండి చాలకపోతే, కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైతే బిడ్డకు ఊపిరి అందదు. ఊపిరి అందని ఆ కొన్ని నిమిషాలే మెదడును దెబ్బతీస్తాయి. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు ముదిరినా అంతే, చెవి పోవచ్చు, కాళ్ళుచేతులు బిగుసుకుపోవచ్చు. ఆకుకూర, పాలు లేని పిల్లలకు విటమిన్ ఎ చాలక కన్ను పోతది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు ఎవరి ఎముకలు వంచాయో మీకు మేము చెప్పాలా? డబ్బున్నోళ్ళు వేరే నీళ్ళు తెచ్చుకున్నారు, మనం ఊరి బోరు నీళ్ళే తాగాం. మేనరికాలు కూడా ఒక కారణం, ముఖ్యంగా పుట్టు చెవుడుకు. అది మాత్రం మన చేతుల్లో ఉన్న సంగతి, ఆలోచించండి.

ఇంకొక సంగతి. మనల్ని ఊరవతల పెట్టినవాడు ఏమన్నాడు? పూర్వజన్మ పాపం, కర్మ అన్నాడు. ఆ మాటను మనం ఒప్పుకోలేదు, అంబేద్కర్ ఒప్పుకోనీయలేదు. మరి అదే కర్మ మాటను మన ఇంట్లోనే చెవిటి బిడ్డ మీద, నడవలేని బిడ్డ మీద మనమే అంటున్నామా లేదా? "ఏ జన్మల జేసిన పాపమో" అని వాడలో ఎన్ని నోళ్ళు అంటున్నాయి? ఆ సిద్ధాంతం ఒకటే. ఒకదాన్ని తిట్టి రెండోదాన్ని మోయడం కుదరదు.

పేరు సంగతి కూడా చూడండి. మనకు హరిజనులని పేరు పెట్టారు. పేరు దేవుడిది, బతుకు వెలివాడది. 2015 చివర్లో ఈ పిల్లలకు దివ్యాంగులని పేరొచ్చింది. దివ్యం సరే, బడికి ర్యాంపు ఏది, టీచరు ఏది?

చట్టం లేక కాదు. 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నూటికి 40 పాళ్ళు, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 ఏళ్ళ నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు హక్కు. దగ్గర్లోని బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే, ఏది కావాలో వాళ్ళిష్టం. సైగల భాష, బ్రెయిలీ వచ్చిన టీచర్లను తయారుచేసి కొలువులివ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. వైకల్యం ఉన్నవాళ్ళే టీచర్లుగా ఉండాలన్న మాట కూడా అందులో ఉంది, అది గుర్తుంచుకోండి.

మనమేమో సదరం క్యాంపు దాకా పోతాం, పెన్షన్ పడేదాకా తిరుగుతాం, అక్కడ ఆగుతాం. పెన్షన్ అడగడం తప్పు కాదు, అది ఇంటికి తిండి. కానీ ఆ సర్టిఫికెట్ బడి దగ్గర కూడా పనికొస్తదని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు కొలువుల సంగతి. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: మామూలు బడుల్లో స్పెషల్ టీచర్ల పోస్టులు శాశ్వతంగా పెట్టాలని. 2022 సెప్టెంబరులో కేంద్రం నిష్పత్తి ప్రకటించింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు. అయినా రాష్ట్రాలు కదలకపోతే 2025 మార్చిలో కోర్టు మళ్ళీ గట్టిగా మందలించి, పోస్టులెన్నో ప్రకటించమని గడువు పెట్టింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో స్పెషల్ టీచర్లవి 1,016: స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది.

ఇవి శాశ్వత కొలువులు. ఇందులో మన రిజర్వేషన్ ఉంది. కానీ అర్హత కాగితం లేకపోతే రిజర్వేషన్ గాలిలో ఉంటది. మన వాడలో బి.ఇడి. చేసినవాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు, అందరూ మామూలు బి.ఇడి.లే. స్పెషల్ బి.ఇడి. ఒక్కరు లేరు. ఎందుకు చేయలేదమ్మా అంటే "అట్లాంటిదొకటి ఉందని తెల్వదు" అన్నారు. తెలియకుండా ఉంచడం కూడా ఒక పద్ధతే. పై కులాలోళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేనమామ ఆఫీసులో ఉంటాడు, ఫోను చేస్తాడు. మనకు చెప్పే మేనమామ లేడు, అందుకే ఈ సభ.

దారులు చెప్తాం, రాసుకోండి.

మొదట ఒక పేరు గుర్తుపెట్టుకోండి: ఆర్‌సీఐ. భారత పునరావాస మండలి. 1992 చట్టంతో వచ్చింది. స్పెషల్ టీచరు చదువు ఏదైనా ఈ మండలి ఒప్పుకున్నదే చదువు. చదువు అయిపోయాక ఆ మండలి రిజిస్టర్లో పేరు ఎక్కించుకుని నంబరు తెచ్చుకోవాలి. సీఆర్ఆర్ నంబరు అంటారు. డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టే. ఆ నంబరును ఐదేళ్ళకోసారి కొత్త చేయించుకోవాలి. నంబరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది.

ఇంటర్ పాసైనవాళ్ళకు రెండేళ్ళ డిప్లొమా ఉంది. స్పెషల్ డి.ఇడి. అంటారు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే ఎస్జీటీ పోస్టులకు ఇదే దారి. మార్కులు సగం ఉండాలి, మనకు సడలింపు ఉంది. ఇది మామూలు డైట్ కాలేజీల డీసెట్‌తో వచ్చే సీటు కాదు, అది రాసి కూర్చుంటే రాదు. ఏ రకం పిల్లలకు చెప్పాలో ముందే ఎంచుకోవాలి: చూపు లేనివాళ్ళకా, వినికిడి లేనివాళ్ళకా, బుద్ధి ఎదుగుదల తక్కువ ఉన్నవాళ్ళకా. ఎంచుకునే ముందు కనీసం రెండు రోజులు భవిత కేంద్రంలో కూర్చుని చూసి రండి. ఎవరో చెప్పారని ఎంచుకోకండి.

డిగ్రీ ఉన్నవాళ్ళకు స్పెషల్ బి.ఇడి. ఉంది. ఆరు నుంచి పది దాకా స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు ఇది. సికింద్రాబాద్ బోయినపల్లి దిక్కు మనోవికాస్ నగర్ అని ఒక చోటు ఉంది. అక్కడ 1984లో కేంద్రం పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, బుద్ధి ఎదుగుదల తక్కువున్నవాళ్ళ కోసం. డిప్లొమా నుంచి ఎం.ఇడి. దాకా అక్కడ ఉన్నాయి, బి.ఇడి.కి పట్టా ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. వినికిడి లేనివాళ్ళకు చదువు చెప్పే విద్య నేర్పే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే, ఆ ఆవరణ దిక్కే. వీటికి ఏటా వాళ్ళే వేరుగా ప్రకటన ఇస్తారు, వేసవి నుంచి కన్నేసి ఉంచాలి. ఆంధ్ర దిక్కు ఉన్నవాళ్ళకు ఎడ్‌సెట్ ద్వారానే స్పెషల్ బి.ఇడి. సీట్లు ఉంటాయి. దరఖాస్తులో ఆ గడి ఉంటది, మనవాళ్ళు దాన్ని చూడకుండా దాటేస్తున్నారు.

పనిచేసుకుంటూ చదివేవాళ్ళకు, చిన్నపిల్లల తల్లులకు బాబాసాహెబ్ పేరున్న మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైంది, 1991లో ఆయన పేరు పెట్టారు. అందులో స్పెషల్ బి.ఇడి. రెండున్నర ఏళ్ళు. ప్రవేశ పరీక్ష ఉంటది. దూరవిద్య అంటే ఇంట్లో పడుకుని చదివేది అనుకోకండి. తరగతులకు పోవాలి, బడిలో పిల్లలతో పనిచేసి చూపించాలి. అది లేకుండా ఇస్తామన్నవాడు దొంగ.

ఒక హెచ్చరిక. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక టీచర్ల చదువును నాలుగేళ్ళ కోర్సులోకి మారుస్తున్నారు. స్పెషల్ బి.ఇడి. మీద కూడా ఆ మార్పు వస్తున్నది. అందుకని డబ్బు కట్టే ముందు "ఈ ఏడు, ఈ కాలేజీకి, ఈ విభాగానికి ఆర్‌సీఐ అనుమతి ఉందా" అని ఆ మూడు మాటలూ అడగాలి. నిరుడు ఉంటే సరిపోదు. పక్క విభాగానికి ఉంటే సరిపోదు. ఆర్‌సీఐ కాలేజీల జాబితా బయటే పెడుతుంది, సెల్ ఫోన్‌లో చూడొచ్చు.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, మేమే దెబ్బతిన్నాం. మా జట్టులో ఒక తమ్ముడు ఉన్నాడు. దూరపు రాష్ట్రంలో ఒక కాలేజీ, మన టౌన్లో ఒక బ్రోకరు. "పరీక్షకు రెండుసార్లు పోతే చాలు, క్లాసులక్కర్లేదు" అన్నాడు. అరవై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. సర్టిఫికెట్ వచ్చింది, బంగారు అంచు, పెద్ద ముద్ర. రిజిస్టర్లో పేరు కోసం పంపిస్తే తిరిగొచ్చింది. ఆ ఏడు ఆ కాలేజీకి అనుమతే లేదు. ఆ తమ్ముణ్ణి బ్రోకరు దగ్గరికి తీసుకుపోయింది మేమే. మా తెలివితక్కువతనం. అతను ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు, అప్పు ఇంకా ఉంది. ఈ సభలోనే వెనక కూర్చున్నాడు. తన సంగతి చెప్పమని తనే అన్నాడు.

ఇంకో రకం మోసం, మూడు నెలల కోర్సులు, నెల కోర్సులు. సంరక్షకుల శిక్షణ లాంటివి ఆర్‌సీఐవే కొన్ని ఉన్నాయి, అవి మంచివే, కానీ వాటితో టీచరు కొలువు రాదు. డీఎస్సీకి డిప్లొమా గానీ బి.ఇడి. గానీ ఉండాలి, పైన టెట్ పాసవాలి. ఆంధ్రప్రదేశ్ టెట్‌లో స్పెషల్ టీచర్లకు పేపర్లు వేరే ఉన్నాయి, 1-బి, 2-బి అని.

అసలు ఆ చదువులో ఏం నేర్పుతారు? కొందరు అనుకుంటున్నారు, పిల్లల్ని ఊరికే ఆడించి ఇంటికి పంపడమని. కాదు. పళ్ళు తోముకోవడం ఉంది చూడండి. మనకది ఒక పని. ఆ పిల్లకు అది పది పన్నెండు పనులు. బ్రష్ పట్టుకోవడం ఒకటి, మూత తిప్పడం ఒకటి, పేస్టు పిసకడం ఒకటి, ఎంత పిసకాలో తెలియడం ఇంకొకటి. టీచరు దాన్ని ముక్కలు చేస్తుంది. ఏ ముక్క వచ్చు, ఏ ముక్క రాదు అని రాస్తుంది. రాని ముక్కను చెయ్యి పట్టి నేర్పి, తర్వాత వేలు తాకించి, తర్వాత మాటతో చెప్పి, చివరకు ఏమీ చెప్పకుండా వదులుతుంది. ఇందుకు నెలలు పడతాయి. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పథకం కాగితం మీద ఉంటుంది, తల్లితో కూర్చుని రాస్తుంది. చూపు లేని పిల్లలకు చెప్పే టీచరు ఆరు చుక్కలతో తెలుగు అక్షరాలన్నీ వేలితో చదవడం, రాయడం ముందు తను నేర్చుకోవాలి. వినికిడి లేని పిల్లల టీచరు చెవి పరీక్ష గీతల కాగితం చదవాలి, మిషను పనిచేస్తుందో లేదో చూడాలి, సైగలు రావాలి.

ఈ సైగల సంగతిలో మన చెవిటి యువకులకు ఒక దారి ఉంది. భారతీయ సైగల భాషను బోధించే డిప్లొమా వాళ్ళ కోసమే ఉంది. వాడలో "మూగోడు" అని పిలుస్తున్నాం చూడండి ఒక తమ్ముణ్ణి, అతను పదోతరగతి పాసైనవాడు. ఇంటర్‌కు పంపాల్సింది. ఇప్పటికైనా ఓపెన్ ఇంటర్ రాయిద్దాం. అతనికి పేరుంది, ఆ పేరుతో పిలుద్దాం.

డబ్బు. ఎస్సీ పిల్లలకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నాయి. సీటు ఏ పద్ధతిలో వచ్చింది, కాలేజీ పేరు ఈపాస్‌లోనో జ్ఞానభూమిలోనో ఉందా అన్నదాన్ని బట్టి వర్తిస్తాయి. కాలేజీవాళ్ళ మాట నమ్మకుండా ముందే సాంఘిక సంక్షేమ ఆఫీసులో అడగాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. ఎస్సీ హాస్టల్లో ఉండి చదవొచ్చు. వైకల్యం ఉన్న మన పిల్లలకు ఉన్నత చదువు సీట్లలో నూటికి 5, ప్రభుత్వ కొలువుల్లో నూటికి 4 వేరే ఉన్నాయి. మన కోటాతో పాటు అది కూడా.

ఇంక ఒక అక్క మొన్న అడిగిన ప్రశ్న. పేరు చెప్పం, ఇక్కడే ఉంది. "వెయ్యేండ్లు ఊరోళ్ళ పెంట ఎత్తినం. ఇప్పుడు ఈ పిల్లల ముడ్డి కడిగే పని గూడ మమ్ములనే జెయ్యమంటరా?" అన్నది. ఆ ప్రశ్నకు మేము రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే ఆ అక్క భవిత కేంద్రంలో ఆయా. ఆమె కళ్ళతో చూసింది. కేంద్రంలో టీచరు కుర్చీ వేరే కులానిది, గుడ్డ మార్చే చెయ్యి మన కులానిది. పిల్లకు విరేచనమైతే టీచరు బయటికి పోయి "ఆయమ్మా" అని కేకేస్తది. టీచరు చదువులో మాత్రం ఆ పిల్లకు మరుగుదొడ్డి అలవాటు నేర్పడం ఒక పాఠం, టీచరే నేర్పాల్సిన పాఠం. ఆ పాఠాన్ని కులం చూసి ఆయా మీదికి నెట్టేశారు. ఆయాకు జీతం కొన్ని వేలు, టీచరుకు స్కేలు.

అక్కా, నీ ప్రశ్న సరైనదే. ఆ పని చెయ్యమని మేము అడగడం లేదు. నువ్వు ఆరేళ్ళుగా ఆ పిల్లలతో ఉన్నావు. ఏ పిల్లకు ఎప్పుడు ఫిట్స్ వస్తాయో నీకు తెలుసు, ఏ పిల్లవాడు ఏ పాట వింటే ఏడుపు ఆపుతాడో నీకు తెలుసు. ఇంటర్ సెకండియర్‌లో ఒక్క ఇంగ్లీషు పేపరు దగ్గర ఆగిపోయావు. ఆ కుర్చీలో కూర్చోవాల్సింది నువ్వు. ఆ ఒక్క పేపరూ ఈ ఏడు రాయాలె. ఫీజు సంఘం కడుతుంది, సాయంత్రాలు చెప్పడానికి మాలో ఇంగ్లీషు ఎం.ఎ. చేసిన తమ్ముడు ఒప్పుకున్నాడు.

మరి మంచానికి కట్టేసిన ఆ పిల్ల సంగతి? మన టీచరు చదువు ముగించుకుని వచ్చేసరికి నాలుగేళ్ళు పడుతుంది, ఆ పిల్లకు పదిహేను వస్తాయి. అందాకా ఆగలేం. వచ్చే సోమవారం మేము ఆరుగురం మండల విద్యాధికారి దగ్గరికి పోతున్నాం. హాజరు వేస్తున్న రిజిస్టరు చూపించమని, ఇంటికి వచ్చిన తేదీలు చూపించమని, భవిత కేంద్రానికి పోను రాను ఛార్జీలు ఇప్పించమని అడుగుతాం. ఆటో మాట్లాడాం. తల్లి ఒకరోజు కూలి మానుకుని వస్తానన్నది, ఆ రోజు కూలి మనమే పోగుచేసి ఇద్దాం. అవ్వ కూడా వస్తానంటున్నది.

ఇంటర్, డిగ్రీ మెమోలు తెచ్చినవాళ్ళు భోజనాలకు ముందే ఇటు వేపచెట్టు కిందికి రండి. తేనివాళ్ళు ఇప్పుడే ఇంటికి పోయి తెచ్చుకోండి, అన్నం ఆగుతుంది.